కొండ పక్కన ఇల్లు: తేళ్లతో కలిసి బతకడం ఎలా

విశాఖలో సముద్రం వైపు స్థలం దొరకని వాళ్లందరం కొండ వైపు వచ్చి ఇళ్లు కట్టుకున్నాం. ఆరిలోవ, హనుమంతవాక, అడవివరం, ఎండాడ, మధురవాడ, ఏ వీధి చివరికి వెళ్లినా పెరటి గోడ దాటితే కొండే. మా ఇల్లు సింహాచలం కొండ పాదాన ఉంది. 2013లో ఇక్కడికి వచ్చాం. గాలి, నీడ, పొద్దున్నే పిట్టల కూత, అన్నీ బాగున్నాయి. వచ్చిన మొదటి ఎండాకాలంలోనే వంటింటి గడప దగ్గర తేలు కనిపించింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఇప్పుడు నిద్ర పడుతోంది. తేళ్లు పోయాయని కాదు, కొండ ఉన్నంత కాలం అవి ఉంటాయి. వాటితో ఎలా మెలగాలో తెలిసింది, అంతే. తేలు మనల్ని వెతుక్కుంటూ రాదు. మన చెయ్యో కాలో చూసుకోకుండా దాని మీద పడుతుంది. అప్పుడే కుడుతుంది. కింద చెప్పేవన్నీ ఆ చెయ్యి, ఆ కాలు ఎక్కడ పడుతున్నాయో చూసుకోవడం గురించే.

మొదట, ఏ తేలో పోల్చుకోండి

మనకు రెండు రకాలు తెలిస్తే చాలు.

ఒకటి మండ్రగబ్బ. నల్లగా, లావుగా, అరచేతి పొడవు దాకా ఉంటుంది. ముందు వైపు పీతకి ఉన్నట్టు పెద్ద డెక్కలు. చూస్తే గుండె జారిపోతుంది గానీ, దీని బలమంతా ఆ డెక్కల్లోనే ఉంది. కుడితే మంట, వాపు, నొప్పి గట్టిగానే ఉంటాయి. ప్రాణం మీదకి రావడం మాత్రం చాలా అరుదు.

రెండోది ఎర్ర తేలు. చిన్నది, చూపుడు వేలంత. ఇటుక రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటుంది, కాళ్లు కాస్త పాలిపోయిన పసుపు. డెక్కలు సన్నగా, బలహీనంగా ఉంటాయి. తోక మాత్రం లావు. భయపడాల్సింది దీనికే. మహారాష్ట్ర కొంకణ తీరంలోనూ కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌లలోనూ ఉండే ఈ తేలు ప్రపంచంలోని ప్రమాదకరమైన తేళ్లలో ఒకటి. ముఖ్యంగా పిల్లలకి.

గుర్తు ఇలా పెట్టుకోండి: డెక్కలు లావు, తోక సన్నం అయితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. డెక్కలు సన్నం, తోక లావు అయితే జాగ్రత్త. మా అమ్మాయికి నాలుగో తరగతిలోనే ఇది కంఠతా వచ్చేసింది. అయితే ఇది కళ్లతో చూసినప్పుడు పనికొచ్చే గుర్తు మాత్రమే. ఎవరినైనా కుట్టి అది కనిపించకుండా పోతే, ఎర్ర తేలే అనుకుని నడుచుకోండి.

అది ఎందుకు మన ఇంటికే వస్తుందో తెలుసుకోండి

తేలంటే ఎడారి జీవి అని చిన్నప్పుడు చదువుకున్నాం. మా తమ్ముడు అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉంటాడు. అది నిజంగానే ఎడారి మధ్యనున్న ఊరు. అక్కడ బార్క్ స్కార్పియన్ అనే లేత పసుపు తేలు గోడలు ఎక్కుతుంది, వస్తువుల అడుగున తలకిందులుగా అంటిపెట్టుకుంటుంది. తేలుకి ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది, ఒంట్లో నీరు ఆవిరైపోదు. తిన్న పురుగులోని తడే దానికి నీళ్లు. తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు. అందుకే ఎడారిలో నెగ్గుకొచ్చింది.

మనది ఎడారి కాదు, ఉక్కపోత ఊరు. కానీ మన కొండల రాయిని ఒకసారి చూడండి. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైట్ రాయి. ఎండకీ వానకీ పొరలు పొరలుగా విచ్చుకుంటుంది, చేత్తో గీకితే రాలిపోయేంత మెత్తబడుతుంది. ప్రతి పొర మధ్యా ఒక సందు. తేలుకి ఒళ్లు రెండు వైపులా తగులుతూ ఉండే ఇరుకు చోటంటే ప్రాణం. ఇలాంటి కొండని తవ్వి, ఆ రాళ్లతోనే గోడ పేర్చి, ఆ గోడకి ఆనించి ఇల్లు కట్టాం. ఇక వీధిలైటు వెలుగుకి పురుగులు, వంటింట్లో బొద్దింకలు. ఇల్లూ మనమే ఇచ్చాం, భోజనమూ మనమే పెడుతున్నాం.

ఎండాకాలంలో రాళ్లు సెగలు కక్కినప్పుడు చల్లదనం వెతుక్కుంటూ లోపలికి వస్తాయి. తొలకరి పడి కన్నాల్లో నీళ్లు చేరినప్పుడు పొడి చోటు కోసం వస్తాయి. అంటే ఏప్రిల్ నుంచి జులై దాకా కళ్లు నాలుగు చేసుకోవాలి.

రాత్రి యూవీ టార్చితో ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి

ఈ పని చెయ్యకుండా మిగతావి మొదలుపెట్టకండి. మీ ఇంట్లో తేలు ఏ దారిన వస్తోందో తెలిస్తేనే ఆ దారి మూయగలరు.

తేలు ఒంటి పెంకు అతినీలలోహిత (యూవీ) కాంతి పడితే మెరుస్తుంది. మామూలు టార్చి వేస్తే మట్టి రంగులో కలిసిపోయే తేలు, యూవీ టార్చి వేస్తే ఆకుపచ్చా నీలం కలిసిన రంగులో రేడియం ముల్లులా వెలుగుతుంది. దొంగనోట్లు పట్టడానికి షాపుల్లో వాడే ఊదారంగు లైటు ఉంటుంది కదా, అదే జాతి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. 395 నానోమీటర్లు అని రాసి ఉన్నది చవక, పని నడుస్తుంది. 365 అని ఉన్నదైతే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ వెలుగులోకి నేరుగా చూడొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

చీకటి పడ్డాక గంటన్నర ఆగి బయల్దేరండి. వెన్నెల లేని రాత్రి అయితే మంచిది. కాళ్లకి బూట్లు, ప్యాంటు వేసుకోండి. ఇంకో చేతిలో మామూలు టార్చి ఉండాలి, ఎందుకంటే ఊదా వెలుగులో పాము కనిపించదు. కొండ పక్కన ఇది మర్చిపోకూడదు. నెమ్మదిగా గోడ వెంబడి నడుస్తూ అడుగు భాగం, గోడలోంచి నీళ్లు పోయే కన్నాలు, కుండీల కింద, మెట్ల మూలలు, మోటారు గది చూడండి. కనిపించిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టండి. వరసగా మూడు నాలుగు రాత్రులు ఇలా చేస్తే గీతలన్నీ ఒకటి రెండు చోట్లే గుంపుగా పడతాయి. మాకు తొంభై వంతులు వెనక రాతి గోడ దగ్గర, నీళ్ల ట్యాంకు కిందే పడ్డాయి.

మొదటి రాత్రి నేను చూసింది ఇప్పటికీ కళ్లలో ఉంది. రాతి గోడ సందులో ఒక మండ్రగబ్బ. వీపంతా ఏదో బూజు పట్టినట్టు తెల్లగా కనిపించింది. ఇంకాస్త వంగి మామూలు టార్చి వేశాను. బూజు కాదు, పిల్లలు. బియ్యపు గింజల్లా తెల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని కూర్చున్నాయి. వెలుగు పడగానే తల్లి తోక పైకెత్తింది, కానీ కదల్లేదు. ఒక పిల్ల జారి రాయి మీద పడితే డెక్క ఆనించి ఆగింది, అది తల్లి డెక్క మీదుగా మళ్లీ వీపు ఎక్కింది. పిల్లలు తల్లిని తినేసి పుడతాయని మా నాయనమ్మ చెప్పేది. అది నిజం కాదు. తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. అవి మొదటి కుబుసం విడిచేదాకా తల్లి వీపు మీదే ఉంటాయి. ఆ రాత్రి తర్వాత తేలు కనిపిస్తే చెప్పు తియ్యడం మానేశాను.

పెరడు సర్దండి, కానీ రాయి ఎలా లేపాలో ముందు నేర్చుకోండి

ఇంటి గోడ నుంచి కనీసం ఒక మీటరు వెడల్పున ఏమీ లేకుండా చెయ్యండి. ఇటుకలు, పాత టైల్స్, సెంట్రింగ్ చెక్కలు, కొబ్బరి మట్టలు, డొక్కలు, పగిలిన కుండీలు, చుట్టేసిన బరకాలు, ఏదీ గోడకి ఆనించి పెట్టకూడదు. కట్టెలు, పిడకలు ఉంటే అడుగెత్తు స్టాండు మీద, ఇంటికి దూరంగా పెట్టండి. కాగితంపూల తీగ గోడకి పాకించుకున్న వాళ్లు కింది రెండడుగులూ కత్తిరించండి.

ఈ సర్దే రోజే ఎక్కువ మందికి తేలు కుడుతుంది. మా అత్తయ్యకి అలాగే అయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో చెట్లన్నీ నేల కూలాయి. కరెంటు లేదు, గ్యాసు బండి రాలేదు. దుంగలన్నీ ముక్కలు చేసి పెరట్లో పేర్చుకున్నాం. రెండు వారాల తర్వాత ఆవిడ పొయ్యిలోకి దుంగ తియ్యబోతే కింద నుంచి మండ్రగబ్బ కుట్టింది. చెయ్యి మోచేతి దాకా మంటెత్తిపోయి తెల్లవార్లూ మూలిగారు. మర్నాటికి వాపు దిగింది. దుంగ కిందకి వేళ్లు పోనిచ్చి పట్టుకోవడమే జరిగిన పొరపాటు.

రాయి లేపే పద్ధతి మాకు జీడితోటలో పనిచేసే ఒక పెద్దాయన నేర్పాడు. మేము రాయిని మన వైపు అంచు పట్టుకుని పైకెత్తుతుంటే చూసి, "అలాక్కాదమ్మా. అటేపు అంచు లేపి నీ ఏపు తిప్పుకోవాల. అప్పుడు రాయే నీకు అడ్డుంటాది" అన్నాడు. అంతే విషయం. గునపం మొన దూరం వైపు అంచు కింద పెట్టి, రాయిని మీ వైపుకి ఒరిగేలా లేపండి. కింద ఉన్నది తేలైనా పామైనా అవతలి వైపు ఖాళీ కనిపించి అటే పోతుంది. వేళ్లు మాత్రం రాయి కిందకి పోకూడదు. చేతులకి తోలు గ్లవ్స్ వేసుకోండి, గుడ్డవి సరిపోవు. పొద్దున తొమ్మిది దాటాక, ఎండ బాగా ఉన్నప్పుడు చెయ్యండి. సాయంత్రం చీకటి పడుతుంటే ఆ పని ముట్టుకోవద్దు.

వెనక రాతి గోడ సిమెంటు లేకుండా పేర్చినదైతే సందులన్నీ సిమెంటుతో నింపెయ్యాలనిపిస్తుంది. అలా చెయ్యకండి. కొండ మీంచి దిగే వాన నీరు ఆ సందుల్లోంచే బయటికి పోవాలి. మూసేస్తే నీరు వెనక నిండి గోడే కూలుతుంది. నీళ్లు పోయే కన్నాలకి స్టీలు జాలీ కొట్టించండి, మిగతాది వదిలెయ్యండి. ఆ గోడ తేళ్లది, ఇల్లు మనది అనుకోండి.

గడపలు, కన్నాలు, సందులు

చిన్న తేలు రెండు మూడు మిల్లీమీటర్ల సందులోంచి దూరిపోతుంది. తలుపు వేసి, లైటు ఆర్పి, అవతలి నుంచి ఎవరినైనా టార్చి వెయ్యమనండి. తలుపు కింద వెలుగు కనిపిస్తే తేలుకి దారి ఉన్నట్టే. హార్డ్‌వేర్ షాపులో తలుపు అడుగున బిగించే రబ్బరు పట్టీ దొరుకుతుంది, కార్పెంటరు పావుగంటలో బిగిస్తాడు. మేము పెట్టిన ఖర్చులన్నిటిలో బాగా పనికొచ్చింది ఇదే. పట్టీ ఏడాదికోసారి అరిగిపోతుంది, మార్చుకోండి.

తర్వాత ఏసీ పైపు వెళ్లే కన్నం. చాలా ఇళ్లలో మెకానిక్ గోడకి చేయి పట్టేంత కన్నం కొట్టి, పైపు పోనిచ్చి అలాగే వదిలేసి వెళ్తాడు. కేబుల్ వైరు, ఇంటర్నెట్ వైరు కన్నాలూ అంతే. సిలికాన్‌తోనో వైట్ సిమెంటుతోనో మూసెయ్యండి. బాత్రూం తూముకి మూత ఉన్న జాలీ పెట్టి రాత్రి మూసి ఉంచండి. కిటికీలకి దోమల మెష్ ఎలాగూ ఉంటుంది, దాని అంచులు ఎక్కడ ఊడాయో చూసుకోండి.

వెనక గుమ్మంలో తెల్లటి ఎల్ఈడీ బల్బు ఉంటే తీసి పసుపు వెలుగుది పెట్టండి. పురుగులు తక్కువ మూగుతాయి. పురుగుల వెనకే తేలు వస్తుంది కాబట్టి బొద్దింకల్ని తగ్గించడమూ ఇందులో భాగమే. రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో వదిలెయ్యకండి.

చెయ్యి పెట్టే ముందు చూడటం అలవాటు చేసుకోండి

ఎంత మూసినా ఏడాదికి ఒకటో రెండో లోపలికి వస్తాయి. అప్పుడు కాపాడేది అలవాటే. మా ఇంట్లో ఇవి పళ్లు తోముకోవడం లాగా అయిపోయాయి.

బూట్లు, చెప్పులు నేలకి రెండుసార్లు కొట్టి, లోపల చూసి వేసుకోండి. హెల్మెట్ కూడా అంతే. వరండాలో బండి అద్దానికి తగిలించిన హెల్మెట్ లోపలి స్పాంజి తేలుకి హాయిగా ఉంటుంది, నెత్తి మీద పెట్టుకునే ముందు తిరగేసి దులపండి. రెయిన్ కోటు ఏడాదంతా మేకుకి వేలాడి తొలకరి నాడే దిగుతుంది. దాన్ని బయటికి తీసుకెళ్లి విదిలించాకే తొడుక్కోండి.

ఆడవాళ్లకి ముఖ్యంగా చెప్పాల్సినవి రెండున్నాయి. గ్యాస్ బండ మార్చేటప్పుడు అడుగునున్న రింగు కిందకి వేళ్లు పోనిచ్చి ఎత్తుతాం. ఆ రింగు లోపల ఖాళీగా, చీకటిగా, చల్లగా ఉంటుంది. ముందు బండని ఒరగేసి టార్చి వేసి చూడండి. బండ కింద చక్రాల స్టాండు పెట్టుకుంటే రోజూ తుడవడానికీ వీలు. ఇక రెండోది తడిగుడ్డ. ఇల్లు తుడిచి, పిండి, బాత్రూం మూలన పడేస్తాం. ఎండాకాలంలో ఇంట్లో తడి ఉండే చోటు అదొక్కటే. మా ఇంట్లో దొరికిన మూడు ఎర్ర తేళ్లలో రెండు తడిగుడ్డ మడతల్లోనే దొరికాయి. గుడ్డని తీగ మీద ఆరెయ్యండి, చీపురు మేకుకి తగిలించండి, నేల మీద గోనె పట్టాలు, మడత పెట్టిన దుప్పట్లు ఉంచకండి. విడిచిన బట్టలు బుట్టలో వెయ్యండి.

మంచం గోడకి అరడుగు దూరంగా జరపండి. దుప్పటి అంచులు నేలకి తగలకూడదు. నున్నటి గాజు, స్టీలు తేలు ఎక్కలేదు, అందుకే చంటిపిల్లలున్న ఇంట్లో మంచం కోళ్లు వెడల్పాటి స్టీలు గిన్నెల్లో నిలబెట్టండి. దోమతెర కట్టి నాలుగు వైపులా పరుపు కిందకి దోపుకుంటే దోమలకీ తేళ్లకీ ఒకటే మందు. నేల మీద పడుకోవడం మాత్రం ఎండాకాలంలో మానుకోండి. చల్లగా ఉంటుందని మనకి అనిపించే చోటే తేలుకీ అనిపిస్తుంది.

రాత్రి బాత్రూంకి లేచినప్పుడు లైటు వెయ్యకుండా అడుగు వెయ్యొద్దు. మంచం పక్కనే చెప్పులు కాకుండా టార్చి పెట్టుకోండి, చెప్పులు స్టూలు మీద పెట్టండి.

మందు కొట్టిస్తే పోతాయా?

పోవు. పురుగుల మందు బొద్దింకల్ని తగ్గిస్తుంది, ఆ మేరకు మేలు. తేలు పగలంతా సందు లోతుల్లో ఉంటుంది, మందు అక్కడిదాకా చేరదు. ఫినాయిలు, కిరోసిను, చీమల సుద్ద గీతలు దాన్ని ఆపవు. ఆ డబ్బుతో రబ్బరు పట్టీలు కొనండి.

కనిపిస్తే పట్టడం ఇలా

అరవకండి. అరిస్తే పిల్లలు పరిగెత్తుకొస్తారు, చూడ్డానికి. ఒకరు కళ్లు తిప్పకుండా దాన్నే చూస్తూ ఉండాలి, ఇంకొకరు సామాన్లు తేవాలి. వెడల్పు మూతి ఉన్న గాజు సీసా, గట్టి అట్టముక్క చాలు. సీసా బోర్లించి, అట్ట నెమ్మదిగా కిందకి జరిపి, తిరగేసి మూత పెట్టండి. గాజు ఎక్కలేదు కాబట్టి లోపలే ఉంటుంది. పట్టకారుతో పట్టాలంటే మూరెడు పొడవున్నది కావాలి, వంటింటి పట్టకారు పొట్టిది, తోక మీ వేలిని అందుకుంటుంది. ఒంటికాలి మీద నిలబడి చెప్పుతో కొట్టే ప్రయత్నం అసలు వద్దు. గురి తప్పితే మంచం కిందకి దూరుతుంది, ఇక రాత్రంతా టెన్షన్.

మండ్రగబ్బ అయితే మేము కొండ వైపు, ఇళ్లకి బాగా దూరంగా రాళ్ల మధ్య వదిలేస్తాం. ఎర్ర తేలు ఇంట్లో, పిల్లలు తిరిగే చోట కనిపిస్తే చంపడం తప్పు అని నేను అనను. ఎవరి ఇంటి పరిస్థితి వాళ్లది.

తేలుకి పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందని సామెత. నిజానికి విషం తయారు చేసుకోవడం దానికి ఖరీదైన పని. ఆహారం పట్టడానికి, ప్రాణం కాపాడుకోవడానికి దాచుకుంటుంది. దారి వదిలితే పోతుంది.

కుడితే ఏం చెయ్యాలి

మా పక్కింటి పిన్నిగారి మనవడికి అప్పుడు ఐదేళ్లు. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు. రెండు నెలలు స్టాండులో పడున్న బూటు తొడిగారు. వాడు కెవ్వుమన్నాడు. బూటు విదిలిస్తే ఎర్ర తేలు పడింది. ఇంట్లో వాళ్లు మంత్రం వేసే పెద్దాయన్ని పిలిచారు. వేప మండతో దిగదుడిచాడు. అరగంటకి వాడు ఏడుపు ఆపాడు. అందరూ "దిగింది, దిగింది" అన్నారు. నేను వాడి అరచెయ్యి పట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా ఉంది. చొక్కా స్నానం చేసినట్టు తడిసిపోయింది. నోట్లోంచి చొంగ. వెంటనే వాంతి చేసుకున్నాడు. నొప్పి తగ్గిందంటే విషం దిగినట్టు కాదని నాకు ఆ రోజు తెలిసింది. ఆసుపత్రిలో రెండు రాత్రులు ఐసీయూలో ఉంచారు. బతికాడు. మంత్రానికి పోయిన ఆ అరగంట తలచుకుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి.

మంత్రం పనిచేసిందని చాలామంది నమ్మడానికి కారణం ఉంది. మండ్రగబ్బ కుట్టిన నొప్పి మంత్రం వేసినా వెయ్యకపోయినా కొన్ని గంటల్లో తగ్గుతుంది. ఎర్ర తేలు సంగతి వేరు. దాని విషం నరాల్ని రెచ్చగొట్టి ఒంట్లోకి ఆడ్రినలిన్ లాంటి రసాయనాల్ని ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. రక్తనాళాలు బిగుసుకుపోతాయి, బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడి చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

దీనికి దారి చూపింది మహారాష్ట్ర రాయగఢ్ జిల్లా మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్. బీపీకి వాడే ప్రజోసిన్ అనే మామూలు మాత్ర, బిగుసుకున్న రక్తనాళాల్ని సడలించి ఈ ప్రమాదాన్ని ఆపుతుందని 1980లలో చూపించారు. అంతకుముందు ఎర్ర తేలు విషం తీవ్రంగా ఎక్కిన వాళ్లలో నూటికి 40 మంది దాకా చనిపోయేవారు, అది ఒక శాతానికి దిగింది. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. తేలు విషానికి విరుగుడు మందు కూడా ఉంది. ముంబైలోని హాఫ్కిన్ సంస్థ తయారు చేస్తుంది. ప్రజోసిన్‌తో పాటు దాన్నీ ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో వచ్చిన ఆయన పరిశోధనలోనే తేలింది. ఇదంతా చదివి ప్రజోసిన్ కొని ఇంట్లో పెట్టుకోకండి. బీపీ ఒక్కసారిగా పడిపోగలదు, బరువుని బట్టి మోతాదు లెక్క వేసి డాక్టరే ఇవ్వాలి.

కుట్టిన వెంటనే టైము చూసి రాసుకోండి. ఆసుపత్రిలో ముందు అడిగేది అదే. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసెయ్యండి, వాపు వస్తే రావు. సబ్బుతో కడగండి. ఐసు గడ్డ గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తియ్యండి. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, సున్నమో ఉల్లిపాయో రుద్దడం ఏవీ వద్దు. పెద్దవాళ్లకి నొప్పికి పారాసిటమాల్ ఇవ్వచ్చు.

పిల్లలు, గర్భిణులు, గుండె జబ్బున్న వాళ్లు, ముసలివాళ్లు అయితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా బయల్దేరండి. మిగతావాళ్లకి వాంతులు, ఒళ్లంతా చెమట, చేతులు కాళ్లు చల్లబడటం, చొంగ కారడం, ఆయాసం, నురగతో దగ్గు, మగపిల్లల్లో మర్మాంగం బిగుసుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా అంతే. ఎక్కువగా మొదటి నాలుగు గంటల్లో బయటపడతాయి. 108కి ఫోన్ చెయ్యండి. 24 గంటల ఎమర్జెన్సీ, పిల్లలకైతే పిల్లల ఐసీయూ ఉన్న చోటుకే నేరుగా వెళ్లండి. మన ఊళ్లో పెద్దాసుపత్రి అంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), హనుమంతవాక దగ్గర విమ్స్ ఆసుపత్రి ఉన్నాయి. మీ ఇంటికి ఏది దగ్గరో ఈ రోజే ఒకసారి దారి చూసి పెట్టుకోండి. తేలు ఫోటో తీయగలిగితే తీయండి, దాన్ని పట్టుకునే పనిలో టైము పోగొట్టుకోకండి.

పిల్లలకి, కొత్తగా వచ్చిన వాళ్లకి

తేలు కుట్టిన దొంగలా అంటారు చూడండి, పిల్లలు అచ్చం అలాగే చేస్తారు. వద్దన్న చోట ఆడుకుని కుట్టించుకుంటే తిడతారని నోరు మూసుకుని కూర్చుంటారు. కుడితే ఎవరూ తిట్టరు, వెంటనే చెప్పాలి అని పదిసార్లు చెప్పండి. తిట్టకుండా ఉండండి కూడా.

పనమ్మాయికి, ఇల్లు కట్టే చోట పనిచేసే వాళ్లకి కూడా ఇవన్నీ చెప్పండి. ఇటుకల గుట్టలో ముందుగా చెయ్యి పెట్టేది వాళ్లే. తోలు గ్లవ్స్ ఒక జత కొనిస్తే వాళ్లు కాదనరు.

కొండ పక్కన ఇల్లు అద్దెకి తీసుకుంటున్న వాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందే తలుపుల కింద రబ్బరు పట్టీలు, తూముకి జాలీ వేయించమని ఓనరుని అడగండి. ముందే అడిగితే ఒప్పుకుంటారు, చేరాక అడిగితే వాయిదా వేస్తారు. సామాన్లు తెచ్చిన అట్టపెట్టెలు వరండాలోనే విప్పి, ఖాళీ అయినవి ఆ రోజే పారెయ్యండి. మొదటి రాత్రి పడుకునే ముందు యూవీ టార్చి పట్టుకుని గదులన్నీ ఒకసారి చూడండి. మంచం కింద, బీరువా వెనక, తలుపు మూల, చివరగా బాత్రూం తూము.